56 కె/7: ఒక్క షీటులో భూగోళశాస్త్రం

నా బల్ల మీద పరిచి ఉన్న ఈ కాగితం పేరు 56 కె/7. సర్వే ఆఫ్ ఇండియా తయారుచేసిన టోపోషీటు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని స్థలాకృతి పటం అంటారు. పటం గీసిన భాగం నిలువున సుమారు 55 సెంటీమీటర్లు, అడ్డంగా 53. ఆ మేరలోనే గోల్కొండ కోట, చార్మినార్, హుస్సేన్‌సాగర్, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, మూసీ నది, వాటి చుట్టూ ఉన్న ఊళ్లూ గుట్టలూ దారులూ అన్నీ ఇమిడాయి. 700 చదరపు కిలోమీటర్లు దాటిన నేల, మడిచి సంచిలో పెట్టుకునే కాగితంలో ఉంది.

భూగోళశాస్త్రం ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను ఇలాంటి షీటు ఒకటి పరుస్తాను. ఈ శాస్త్రం అడిగే ప్రశ్నలు చాలా కొద్ది. ఈ చోటు ఎక్కడ ఉంది? ఎలాంటి చోటు? ఇక్కడి నేల మనిషిని, మనిషి నేలను ఎలా మార్చారు? ఇక్కడికి ఏవి వస్తాయి, ఇక్కణ్ణుంచి ఏవి పోతాయి? చుట్టుపక్కల చోట్లతో కలిపి చూస్తే ఇది ఏ ప్రాంతం? 1984లో అమెరికాలో భూగోళ ఉపాధ్యాయుల కోసం తయారైన మార్గదర్శకాల్లో ఈ అయిదింటికీ స్థానం, స్థలం, మానవ–పర్యావరణ సంబంధం, కదలిక, ప్రాంతం అని పేర్లు పెట్టారు. నిర్వచనాలుగా వల్లెవేస్తే ఇవి పొడిమాటలే. షీటు తయారుచేసేవాళ్లకు మాత్రం ఇవి ఒక్కొక్కటీ చేత్తో విప్పి తీరాల్సిన చిక్కుముళ్లు. ఎలా విప్పారో దగ్గరగా చూద్దాం.

ముందు పేరు సంగతి. 56 కె/7 అన్న మూడు ముక్కల్లో చిరునామా మొత్తం ఉంది. మన దేశాన్నీ చుట్టుపక్కల నేలనూ నాలుగు డిగ్రీల అక్షాంశం, నాలుగు డిగ్రీల రేఖాంశం చొప్పున గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో సంఖ్య ఇచ్చారు. 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 76 నుంచి 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మధ్య ఉన్న గడి 56. దాన్ని డిగ్రీకి డిగ్రీ చొప్పున పదహారు గళ్లు చేసి, ఎ నుంచి పి దాకా ఇంగ్లీషు అక్షరాలు వేశారు. వరస పై నుంచి కిందికి దిగుతుంది. నాలుగు అయ్యాక తూర్పు పక్క వరసలో మళ్లీ పై నుంచి. అలా లెక్కపెట్టుకుంటూ పోతే కె గడి 17–18 అక్షాంశాలు, 78–79 రేఖాంశాల మధ్య వస్తుంది. దాన్నీ అదే పద్ధతిలో పదహారు చేస్తే ఒక్కోటి పావు డిగ్రీ, అంటే 15 నిమిషాలు. అందులో ఏడోది మన షీటు: 17°15' నుంచి 17°30', 78°15' నుంచి 78°30'. ఇంత సులువైన ఏర్పాటుతో దేశం మొత్తాన్ని దాదాపు అయిదు వేల షీట్లలో సర్దారు. పేరు చూసి పొరుగు షీట్లేవో చెప్పేయొచ్చు. ఏడుకు ఉత్తరాన ఆరు, దక్షిణాన ఎనిమిది, పడమర మూడు, తూర్పున పదకొండు.

స్థానం అన్న మాటకు ఉన్న రెండు అర్థాలూ ఇక్కడే తెలుస్తాయి. చార్మినార్ 17°22' అక్షాంశం, 78°28' రేఖాంశం దగ్గర ఉందనడం ఒకటి. మూసీకి దక్షిణపు ఒడ్డున, గోల్కొండకు తూర్పున ఎనిమిది కిలోమీటర్ల దూరాన ఉందనడం ఇంకొకటి. మొదటిది నిరపేక్ష స్థానం, రెండోది సాపేక్ష స్థానం. మొదటిదానికి కాలంతో పని లేదు. రెండోది చరిత్రతో పాటు మారుతుంది. 1591లో చార్మినార్ కట్టినప్పుడు అది కోటకు దూరంగా, ఏటికి అవతల లేచిన కొత్త ఊరు. ఇప్పుడదే పాతబస్తీ.

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ దాదాపు 78°30' గీత మీదే ఉంది, అంటే సరిగ్గా మన షీటు తూర్పు అంచున. హైదరాబాదు, సికింద్రాబాద్ జంటనగరాలను పూర్తిగా చూడాలంటే ఏడునూ పదకొండునూ అంచులు కలిపి పరచాలి. ఇవతల తెగిన ప్రతి రోడ్డూ, ప్రతి వాగూ, ప్రతి కాంటూరు గీతా అవతలి షీటులో అదే బిందువు దగ్గర అందుకోవాలి. రెండు షీట్లను వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు బృందాలు సర్వే చేసి ఉండొచ్చు. అయినా అతుకు కనపడకూడదు.

ఇప్పుడు స్కేలు పట్టుకుని షీటు పై అంచును, కింది అంచును కొలవండి. రెండూ ఒకటే అనిపిస్తాయి. లెక్క ప్రకారం పై అంచు సుమారు 0.7 మిల్లీమీటరు పొట్టిగా ఉంటుంది. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కదా. 17°15' దగ్గర పావు డిగ్రీ వెడల్పు ఎంతో, 17°30' దగ్గరికి వచ్చేసరికి అందులో 36 మీటర్లు తగ్గిపోతాయి. ఆ 36 మీటర్లను 50,000తో భాగిస్తే ఈ 0.7 మిల్లీమీటరు వస్తుంది. భూమి గుండ్రంగా ఉందన్న సంగతిని ఈ కాగితం తన అంచుల్లో దాచుకుంది. మొత్తం షీటులో నాకు అన్నిటికంటే ఇష్టమైన వివరం ఇదే. పెన్సిలు గీత మందమంత తేడా, ఎవరూ కొలిచి చూడనిది, దాన్ని కూడా వదల్లేదు.

ఈ అక్షాంశ రేఖాంశాలు నేల మీద ఎక్కడెక్కడ పడతాయో తేల్చిన కథలో మన ఊళ్లున్నాయి. 1802 ఏప్రిల్‌లో బ్రిటిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలవడం మొదలుపెట్టాడు. చేతిలో ఉన్నది వంద అడుగుల ఉక్కు గొలుసు. ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి గొలుసును చెక్క పెట్టెల్లో పరిచి, పక్కన థర్మామీటర్లు ఉంచి, వేడికి తగ్గట్టు పొడవును సవరించుకుంటూ పోయారు. ఆ ఏడున్నర మైళ్లకు 57 రోజులు పట్టింది. అక్కణ్ణుంచి గొలుసును పక్కన పెట్టొచ్చు. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలూ లెక్కలో వచ్చేస్తాయి. వచ్చిన భుజమే తర్వాతి త్రిభుజానికి ఆధారం. ఇక కొలవాల్సినవి కోణాలే. దానికి అర టన్ను బరువున్న థియోడొలైట్‌ను కొండల మీదికీ గుడి గోపురాల మీదికీ ఎక్కించారు.

లెక్క మీద లెక్క పేర్చుకుంటూ పోతే తప్పు కూడా పేరుకుంటుంది. అందుకని మధ్యమధ్య మళ్లీ ఒక ఆధారరేఖను గొలుసుతో నేల మీద కొలిచి, త్రిభుజాల గుండా వచ్చిన అంకెతో పోల్చేవాళ్లు. 1804లో బెంగుళూరు దగ్గర అలా పోలిస్తే ఏడు మైళ్ల మీద తేడా నాలుగు అంగుళాలు కూడా రాలేదు. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదర్ దగ్గర కూడా అలాంటి రేఖలు కొలిచారు. 78వ రేఖాంశాన్ని పట్టుకుని ఉత్తరానికి సాగిన ఈ కొలత, మన షీటు పడమటి అంచుకు పాతిక కిలోమీటర్ల అవతల నుంచి పోతుంది. జార్జ్ ఎవరెస్ట్ లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరింది హైదరాబాదులో. అతని తొలి పని కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో. అక్కడ జ్వరాలకు బృందం మొత్తం మంచంపట్టింది, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎవరెస్ట్ కూడా కోలుకోవడానికి కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా పోవాల్సొచ్చింది. టోపోషీటు మీద గుట్ట కొనన చిన్న త్రిభుజం, పక్కన ఒక అంకె ఉంటే అది త్రికోణమితి కేంద్రం. శిఖరం నుంచి శిఖరానికి చూపు ఆనేలా చెట్లు కొట్టినవాళ్ల పేర్లు, పరికరాన్ని భుజాన మోసినవాళ్ల పేర్లు మనకు మిగల్లేదు. వాళ్ల పని మాత్రం ఆ గుర్తు కింద ఉంది.

స్కేలు గురించి ఒక మాట. షీటు స్కేలు 1:50,000, అంటే రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. స్కేలంటే తగ్గింపు లెక్కే కదా అనుకుంటాం. గీసే మనిషికి అది ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న తీర్పు. ఆరు మీటర్ల రోడ్డును ఉన్నదున్నట్టు తగ్గిస్తే 0.12 మిల్లీమీటరు వస్తుంది, వెంట్రుకంత. అది కంటికి ఆనదు కాబట్టి లావు చేసి ఎర్రగీత గీస్తారు. లావయిన రోడ్డు పక్కనున్న రైలు పట్టాల మీదికీ, ఏటి మీదికీ ఎక్కుతుంది. అప్పుడు ఏటిని ఉన్నచోటే ఉంచి, పట్టాలను కొద్దిగా, రోడ్డును ఇంకాస్త పక్కకు జరుపుతారు. ఊరి మధ్య ఇళ్లను ఒకే ముద్దగా కలిపేస్తారు. అదే ఎవరూ లేని మైదానంలో ఒంటరి గుడిసె ఉంటే దాన్ని తప్పకుండా చూపిస్తారు, దారి తప్పినవాడికి అదే ఆనవాలు మరి. అట్లాసులో మూసీ ఒక సన్నని నీలిగీత. ఈ షీటులో దానికి వంపులూ వంతెనలూ వచ్చాయి. గ్రామ నక్షాలో దాని ఒడ్డు పొలాల సర్వే నంబర్లు కూడా ఉంటాయి. మూడూ నిజమే. ఎంత దగ్గరి నుంచి చూడాలో ముందే తేల్చుకోకపోతే ఏమీ కనపడదు.

ఇక ఈ షీటులో అసలైన పనితనం గోధుమ రంగు గీతల్లో ఉంది. కాగితానికి ఎత్తు లేదు, నేలకు ఉంది. ఆ ఎత్తును చూపడానికి ఎన్నో పద్ధతులు పుట్టాయి: నీడలు వేయడం, గుట్టలను బొమ్మలుగా గీయడం, వాలు వెంట చిన్న చిన్న గీతలు కొట్టడం. అన్నిటిలోకీ నిలిచింది కాంటూరు గీత. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న బిందువులన్నిటినీ కలుపుతూ పోయే గీత ఇది. 1774లో స్కాట్లండ్‌లో షిహేలియన్ అనే కొండను కొలిచిన అంకెలు గణితవేత్త చార్లెస్ హట్టన్ చేతికొచ్చాయి. ఆ అంకెల అడవిలోంచి కొండ ఆకారాన్ని రాబట్టడానికి అతను సమాన ఎత్తులను గీతలతో కలిపాడు. వెంటనే కొండ కళ్లకు కట్టింది.

గీతకు ముందు సముద్రమట్టం కావాలి. సముద్రం నిలకడగా ఉండదు, ఆటుపోట్లతో ఊగుతూనే ఉంటుంది. అందుకని తీరం వెంట తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి నీటిమట్టాన్ని నమోదుచేసి సగటు తీశారు. ఆ తొమ్మిదిలో మన విశాఖపట్నం ఒకటి. అక్కణ్ణుంచి లెవలింగ్ యంత్రంతో, కొలతలు రాసిన కర్రలతో మజిలీ మజిలీగా ఎత్తును దేశం లోపలికి మోసుకొచ్చి, దారి పొడవునా రాళ్ల మీద బెంచ్‌మార్కులు చెక్కారు. ఆ పని 1909కి ఒక కొలిక్కి వచ్చింది. ఈ షీటు మీద గుట్టల మధ్య ఎక్కడైనా బిందువు పక్కన మూడంకెల సంఖ్య కనిపిస్తే, అది ఆ రేవుల దగ్గరి అలల సగటు నుంచి మెట్టు మెట్టుగా ఎక్కొచ్చిన ఎత్తు.

1:50,000 షీట్లలో గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. ప్రతి అయిదో గీతను లావుగా గీస్తారు, లెక్క తప్పకుండా. గోల్కొండ కోట ఉన్న గుట్ట చుట్టుపక్కల నేల కంటే సుమారు 120 మీటర్లు ఎత్తు. 120ని 20తో భాగిస్తే ఆరు. అంటే ఒకదాని లోపల ఒకటిగా దాదాపు ఆరు వలయాలు. వేలితో తడుముతూ చూస్తే, గీతలు దగ్గరదగ్గరగా నొక్కుకున్న పక్క నిట్టనిలువు, ఎడంగా విడిపోయిన పక్క నెమ్మది వాలు. కోట కట్టినవాళ్లు ఆ గుట్టనే ఎందుకు ఎంచుకున్నారో ఆ వలయాలు చూస్తే చెప్పకనే తెలుస్తుంది. కోట కొనన ఉన్న బాలాహిస్సార్ ఎక్కిన కాళ్లకు ఆయాసం వచ్చిన చోటు ఏదో కూడా తెలుస్తుంది.

కాంటూరు గీతకు కొన్ని పట్టింపులున్నాయి. ఒక గీత ఇంకో గీతను దాటదు, ఎందుకంటే ఒకే బిందువుకు రెండు ఎత్తులు ఉండవు. మధ్యలో తెగిపోదు, ఈ షీటులో కాకపోతే పక్క షీటులోనైనా తిరిగొచ్చి తనను తాను కలుసుకుంటుంది. వాగును దాటేటప్పుడు ఎగువ వైపు కొన తిప్పి మలుపు తీసుకుంటుంది. ఈ చివరి పట్టింపు ఒక్కటి తెలిస్తే చాలు, బాణం గుర్తు లేకపోయినా వాగు ఎటు పారుతుందో చెప్పొచ్చు. మొనలు ఎటు చూస్తుంటే నీళ్లు అటునుంచి వస్తున్నట్టు. ఇవి ఎవరో కూర్చుని రాసిన నియమాలు కావు, నేల స్వభావంలోంచే వచ్చాయి.

మొదట్లో ఈ గీతలను సర్వేయరు నేల మీదే గీసేవాడు. మూడు కాళ్ల మీద నిలబెట్టిన చదునైన బల్ల, దాని మీద కాగితం, గురి చూసే బద్ద, వాలు కొలిచే క్లినోమీటరు. చూసిన చోటనే గీయడం. తర్వాత విమానం నుంచి తీసిన ఫోటోలు వచ్చాయి. ఒక ఫోటోలో పడిన నేల సగానికి పైగా పక్క ఫోటోలో కూడా పడేలా తీస్తారు. ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఒకటి చూపిస్తే మెదడు రెండింటినీ కలిపి గుట్టను గుట్టగా పైకి లేపుతుంది. స్టీరియో ప్లాటర్ అనే యంత్రంలో ఆ లేచిన నేల మీద ఒక చుక్క తేలుతుంటుంది. పనివాడు చుక్కను, మాటకు, 560 మీటర్ల ఎత్తుకు బిగిస్తాడు. ఇక చుక్క పైకీ కిందికీ పోదు, పక్కలకే కదులుతుంది. అది గాల్లో తేలకుండా, నేలలో కూరుకుపోకుండా, నేలను తాకుతూ మాత్రమే నడిచేలా చేతి చక్రాలు తిప్పుతూ పోవాలి. చుక్క నడిచిన దారే 560 మీటర్ల గీత. యంత్రానికి తగిలించిన పెన్సిలు దాన్ని కాగితం మీదికి దించుతుంది. ఒక్క గుట్టకు ఇలా ఎన్నిసార్లు చుట్టూ తిరగాలో ఆలోచించండి. ఆ పనికి రెండు కళ్లూ సమంగా చూడాలి, చెయ్యి వణకకూడదు, మనసు చెదరకూడదు.

రంగులకు వస్తే, అచ్చువేయడానికి ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు, కాగితం ఒక్కో రంగుకు ఒక్కోసారి ఒత్తిడి తినాలి. నీలం ప్లేటు అర మిల్లీమీటరు జరిగితే నేల మీద వాగు పాతిక మీటర్లు జరిగి గుట్ట ఎక్కుతుంది. గోధుమ ఎత్తులకు, ఆకుపచ్చ చెట్లకు, పసుపు సాగుభూమికి, ఎరుపు ఊళ్లకూ రోడ్లకూ. నీటికి నీలం అని అందరూ ఊహిస్తారు. మన షీట్లలో మాత్రం ఏడాది పొడవునా నీరుండేవాటికే నీలం. ఎండాకాలంలో ఇసుక తేలే వాగులను నల్లగీతతో గీస్తారు. తెలంగాణ షీటు పరిచి చూస్తే వాగులు చాలావరకు నల్లగానే ఉంటాయి. వాన ఎన్ని నెలలు పడుతుందో, రాయి నీటిని ఎంత నిలుపుకుంటుందో, ఆ నలుపులో ఉంది.

అలాంటి నేలలో మనిషి ఏం చేశాడన్నది చెరువు దగ్గర తెలుస్తుంది. షీటు మీద చెరువును గుర్తుపట్టడం తేలిక. ఒక పక్క తిన్నగా లేదా కాస్త వంపుగా తీర్చినట్టున్న కట్ట. మిగతా పక్కలన్నీ కాంటూరు గీతల వెంట వేళ్లు చాచినట్టు వంకరటింకరగా. తిన్నని పక్క మనిషిది, వంకర పక్క నేలది. కట్ట పక్కన చిన్న అంకె, దాని వెనక ఇంగ్లీషు 'ఆర్' అక్షరం ఉంటుంది. ఆరు పక్కన ఆర్ ఉంటే కట్ట చుట్టూ ఉన్న నేల కంటే ఆరు మీటర్లు ఎత్తని అర్థం. ఆ అంకె సముద్రమట్టంతో లెక్క కాదు, కట్ట కింద నిలబడిన మనిషితో లెక్క. రెండు గుట్టలు దగ్గరికి జరిగి లోయ సన్నబడే చోటు చూసుకుని కట్ట వేశారు. తక్కువ మట్టితో ఎక్కువ నీరు ఆగాలి కాబట్టి. కట్ట కింద పసుపు రంగు పరుచుకుంటే అది ఆయకట్టు. అలుగు పారిన నల్లగీత వెంట కిందికి దిగితే ఇంకో కట్ట వస్తుంది, దాని కింద ఇంకోటి. గొలుసుకట్టు చెరువులు అన్న మాట పుస్తకాల్లో చదివినప్పటి కంటే, ఇలా వేలు పెట్టి ఒకదాన్నుంచి ఒకదానికి దిగినప్పుడే నాకు బాగా అర్థమైంది.

56 కె/7లో ఈ పని మూడు కాలాల్లో కనిపిస్తుంది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్‌సాగర్ కట్టారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు. ఫలితంగా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. రెండూ నగరానికి పడమర ఎందుకున్నాయి? మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుకు పారుతుంది. వరదను ఆపాలంటే నగరానికి ముందే ఆపాలి. షీటు మీద ఉస్మాన్‌సాగర్ కట్టకూ చార్మినార్‌కూ మధ్య ముప్పై సెంటీమీటర్లు దాటిన దూరం. ఆ దూరమంతా ఊరి కోసం ఉంచిన ఊపిరి.

కదలిక గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు, రోడ్లే చెబుతాయి. అవి కాంటూరు గీతలు ఎడంగా ఉన్న చోట తిన్నగా పోతాయి, దగ్గరైన చోట మెలికలు తిరుగుతాయి. నిటారు ఎక్కుడు రైలుకు చేతకాదు కాబట్టి పట్టాలు ఇంకా ఓపిగ్గా చుట్టు తిరుగుతాయి. కొన్ని షీట్లలో ఊరి పేరు కింద సంత జరిగే వారం కూడా వేస్తారు. ఆ ఒక్క మాటతో చుట్టూ ఉన్న బండిబాటలన్నీ ఎందుకు అటే చేరుతున్నాయో అర్థమవుతుంది. హుస్సేన్‌సాగర్ కట్ట మరీ విశేషం. నీటిని ఆపడానికి వేసింది కాస్తా రెండు నగరాలను కలిపే రోడ్డయింది.

ఎలాంటి చోటు అన్నదానికి జవాబు పేర్లలో ఉంది. గచ్చిబౌలిలో బౌలి అంటే బావి. మణికొండలో, కొండాపూర్‌లో కొండ. రాయదుర్గంలో దుర్గం. మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు నీళ్లు లేవు, పేరులో చెరువు ఉంది. షీటు తయారుచేసేవాళ్లు ఊళ్లో అడిగి, రెవెన్యూ లెక్కలతో సరిచూసుకుని రాసిన పేర్లివి. కుంట, గుట్ట, వాగు, బండ, గూడెం, పల్లె అన్న తోకలను రంగు పెన్సిళ్లతో చుట్టుకుంటూ పోతే, కాంటూరు గీతలు చెప్పిన మాటే మన భాష ఎప్పుడో చెప్పిందని తెలుస్తుంది.

జిల్లా, మండల సరిహద్దులు షీటు మీద అచ్చయి ఉంటాయి. ప్రాంతానికి మాత్రం సరిహద్దు గీత అచ్చువేయరు, దాన్ని మన కన్నే గీసుకోవాలి. హైదరాబాదు చుట్టూ ఉన్నది గ్రానైటు రాయి. ఇక్కడ గుట్టలు గుండ్రటి చిన్న వలయాలుగా చెదురుమదురుగా ఉంటాయి, చెరువులు ఒత్తుగా ఉంటాయి. పడమర వికారాబాద్ వైపు షీట్లు కలుపుకుంటూ పోతే బసాల్టు రాయి, నల్లరేగడి మొదలవుతాయి. గుట్టల నెత్తి బల్లపరుపుగా ఉండి గీతలు అంచుల దగ్గరే గుమిగూడతాయి, చెరువులు పలచబడతాయి. సరిగ్గా ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపలేం. మారిందని మాత్రం ఖాయంగా చెప్పగలం.

ఇంకా స్పష్టంగా చూడాలంటే 65 హెచ్ గడిలో గోదావరి డెల్టా షీటు తెచ్చి పక్కన పెట్టండి. 20 మీటర్ల అంతరంతో గీసే గోధుమ గీత కోసం అక్కడ వెతుక్కోవాలి. కాగితమంతా పసుపు, దాని మీద నీలి కాలువలు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి చీలిన నీరు అది. ఎత్తు చూపే గీతలు లేని చోట ఎత్తును ఎలా చదవాలి? కాలువలను బట్టి. సాగునీటి కాలువ మెరక మీద నడవాలి, అప్పుడే రెండు పక్కల పొలాలకూ నీరు దిగుతుంది. మురుగు కాలువ పల్లం వెతుక్కుంటుంది. డెల్టా రైతు నోట ఎప్పుడూ వినిపించే మెరక, పల్లం అన్న రెండు మాటలతో ఆ షీటు మొత్తం చదవొచ్చు.

మీ ఊరి షీటు సంఖ్య మీరే కనుక్కోవచ్చు. ఫోనులో ఊరి అక్షాంశం, రేఖాంశం చూసుకుని పైన చెప్పినట్టు గళ్లు లెక్కపెట్టండి. ఇప్పుడు బయటి జనానికి ఇచ్చే ఓపెన్ సిరీస్ షీట్లకు సంఖ్యల పద్ధతి వేరు, పావు డిగ్రీ గడి మాత్రం అదే. సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటు నుంచి వాటిని దించుకోవచ్చు. షీటు చేతికొచ్చాక దాన్ని గోడకు అంటించేయకండి. మడిచి పట్టుకుని ఊరి చెరువు కట్ట మీదికి నడవండి. కట్ట ఎత్తు అంకె సరిచూడండి, తూము ఎక్కడుందో చూడండి, అలుగు నీరు ఏ చెరువుకు పోతుందో గీత వెంట నడిచి తెలుసుకోండి. పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి. ఎవరి దగ్గరైనా పాత షీటు దొరికితే, అంచున అచ్చువేసిన సర్వే సంవత్సరం చూసుకుని, అప్పటి చెరువుల్లో ఇప్పుడు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.